నాన్న సంతకం పెట్టిన ఇరవై

లిపా, నెబ్రాస్కా
మార్చి 9, 1969

లుద్మిలా అక్కకు,

నేను బాగున్నాను. మోకాలు బాగాలేదు. ఆవులు బాగున్నాయి. నువ్వెలా ఉన్నావో అడగను, అడక్కపోయినా నాలుగు పేజీలు రాస్తావు. నాది కోడి కెలికిన రాత అని చిన్నప్పటినుంచీ అంటున్నావు. కోడి కెలికిన చోటే గింజ దొరుకుతుంది. ఓపిగ్గా చదువు.

ఈ జూన్‌లో మన ఊరి హాలుకి డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి. బ్యాండు వస్తోంది, పీపాలతో బీరు వస్తోంది, ఆడవాళ్ళు గసగసాలు కూరిన తీపి బన్నులు, కొలాచీలు కాలుస్తారట. గోడలకి రంగేసి, హాలు కట్టిన పెద్దల పటాలు తుడిచి మళ్ళీ వరసగా తగిలిస్తున్నారు. నిన్న వెళ్ళి చూశాను. అన్ని మేకులకీ పటాలున్నాయి, ఒక్క మేకుకి తప్ప. అది ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. నాన్న బ్యాంకుకి తాళం పడిన రోజున ఆయన పటం దించారు గానీ మేకు పీకలేదు. పీకేసినా బాగుండేది, నా కన్ను అక్కడికి పోయేది కాదు.

హాలు పెద్ద ఇప్పుడు ఎమిల్ జెలెంకా. నిచ్చెన మీదున్నాడు. కిందనుంచి అడిగాను.

"ఎమిల్, మా నాన్న పటం మా అటకమీదుంది. తెచ్చేదా?"

"అటకమీద హాయిగా ఉంది కదా, ఉండనీ."

"హాలుకి స్థలం ఇచ్చింది ఆయనరా."

"మా నాన్న నూర్పిడి మిషను కొందామని దాచుకున్న డబ్బు మింగిందీ ఆయన బ్యాంకేరా. ఆ పటం ఈ గోడెక్కితే నేను ఆ గుమ్మం దిగుతా."

"తన పొలం అమ్మి ఇవ్వగలిగినంత ఇచ్చాడు."

"ఇవ్వలేకపోయింది ఇంకా బాకీ ఉంది. మతేయ్ కుబిచెక్ సంతకం విలువెంతో లిపాలో పసిపిల్లకి తెలుసు. గుండుసున్నా."

నేను నిచ్చెన లాగేద్దును. మోకాలు వంగలేదు.

సున్నానో కాదో తేల్చేస్తా అక్కా. మన ముందుగదిలో అద్దం కట్టి ఉండేదే, వాషింగ్టన్ నుంచి బ్యాంకుకొచ్చిన మొట్టమొదటి నోట్ల తావు. మూడు పదులు, వాటికింద ఒక ఇరవై. నాన్న దాన్ని కత్తిరించకుండా దాచాడు. ఆయన పోయాక నువ్వే కత్తెర పట్టి నలుగురికీ పంచావు. అలోయిస్ తన పదిని వారంలో పేకాటలో పోగొట్టాడు. రుజెనా కుట్టుమిషనుకి బయానా కట్టింది. నా ఇరవై మాత్రం ఇప్పటికీ అద్దం వెనకే ఉంది. లింకన్‌లో ప్రూయిట్ అని ఒక పళ్ళ డాక్టరున్నాడు, ఇలాంటి పాత బ్యాంకు నోట్లు పోగేస్తాడట. ఆ రోజుల్లో ఏ ఊరి బ్యాంకు నోటుమీద ఆ ఊరి పేరుండేది కదా. నెబ్రాస్కాలో ఊరూరి నోటూ ఆయన దగ్గరుందట, లిపాది తప్ప. వచ్చే వారం వచ్చి ధర కడతానన్నాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను. ఆ కాగితం తీసుకెళ్ళి ఎమిల్ ముక్కుకి అంటిస్తాను. అప్పుడు పటం ఎలా పెట్టడో చూస్తా.

నీ పది ఉంది కదా? ప్రార్థన పుస్తకంలో పెట్టానన్నావు. జాగ్రత్త.

తమ్ముడు బొహుమిల్


ఒమాహా
మార్చి 14

ఒరే బొహుష్,

నాలుగు పేజీలు రాయను. నీ మీద కోపంతో రెండే రాస్తున్నాను.

నేను బాగున్నాను. తుంటి బాగాలేదు. కింద బేకరీవాళ్ళు తెల్లారకముందే రొట్టెలు కాలుస్తారు, ఆ వాసనకి నా ఆకలి నాకంటే ముందు లేస్తోంది. ఇంకేం కావాలి.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఒకసారి అర్థం కావడానికి, ఒకసారి నవ్వుకోవడానికి. మూడోసారి ఎందుకో చెప్పను. నాన్న విలువ ఎంతో నీకు తెలీదా? తెలిస్తే పళ్ళు పీకేవాణ్ణి అడగడం దేనికి? వాడు తక్కువ చెప్పాడనుకో, అప్పుడేం చేస్తావు? ఎమిల్ ముక్కుకి ఏం అంటిస్తావు?

సరే, పట్టుబట్టావంటే మానవు. ఒక్క మాట విను. డాక్టరు వచ్చేదాకా ఆ నోటుని ముట్టుకోకు. కడగకు, తుడవకు, అలంకరించకు. సంతకి తోలబోయే దూడ కొమ్ములకి నూనె రాసి, దాని తోకకి రిబ్బను కట్టినవాడివి నువ్వు. నీ సంగతి నాకు తెలుసు.

పటాలు తుడిచింది ఎవరు? ఎమిల్ పెళ్ళామేనా? ఆవిడ కొలాచీల్లో ఇప్పటికీ చక్కెర తక్కువేనా?

ప్రార్థన పుస్తకం భద్రంగా ఉంది. అరలోనే ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను.

అక్క లుద్మిలా


లిపా
మార్చి 23

అక్కా,

నీ ఉత్తరం ఒక రోజు ముందు రావాల్సింది.

డాక్టర్ ప్రూయిట్ వచ్చాడు. చిన్న మనిషి, పెద్ద కారు. నోటుని బల్లమీద పెట్టాను. పళ్ళు చూడటానికి నోట్లో పెట్టే ఆ చిన్న అద్దం తీసి, కన్ను దగ్గర పెట్టుకుని, నోటు నోరు తెరిపించి చూసినట్టు అన్ని మూలలూ చూశాడు. "లిపా! నిజంగా లిపా! ఒకటో నంబరు!" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత వెనక్కి తిప్పి, వెలుతురుకి పట్టి, మొహం మాడ్చుకున్నాడు.

"దీన్ని ఏమైనా చేశారా?"

"ఏం చేస్తాను. పొగకి పచ్చబడితే రొట్టెముక్కతో రుద్దాను. తువ్వాలు కప్పి ఇస్త్రీ చేశాను. ఆదివారం చొక్కాలా ఉంది కదా?"

ఆ మనిషి ఏడుస్తాడేమో అనుకున్నాను. పన్ను పీకించుకునేవాళ్ళు కూడా అంత బాధపడరు. ముట్టుకోకుండా ఉంటే ఆరొందలు ఇచ్చేవాణ్ణి అన్నాడు. ఇప్పుడు నూట పది అన్నాడు. ఎందుకంత తగ్గింది అంటే ఇస్త్రీ ఒకటీ, పై అంచు రెండోదీ అన్నాడు. కత్తెర వంకరగా పోయి, ఇరవై నోటు నెత్తిమీద గీసిన గళ్ళ అంచులో వెంట్రుకవాసి ముక్క లేదట. ఆ ముక్క పైనున్న పది నోటుకి అంటుకుని పోయిందట.

పైనున్న పది నీది.

ఇంకో సంగతి. ఈ నోటు ఒక్కరోజు కూడా ఎవరి చేతా పడలేదు, ఒక్క సరుకూ కొనలేదు, అదే దీని అందం అన్నాడు డాక్టరు. పని చెయ్యని ఎద్దుకి ఎక్కువ ధర పలికే సంత నా జన్మలో ఇదే చూడటం.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. నీ పది పంపు. రెండూ పక్కపక్కన పెట్టి, అంచుకి అంచు అతికినట్టు సరిపోతే, జంటకి ధర వేరు అన్నాడు. ఎంతో చెప్పలేదు గానీ కళ్ళు మెరిశాయి. నీ పది నీకే ఉంచుకో, నాకొద్దు. నా వెంట్రుకవాసి నాకు చూపించు చాలు. కత్తెర పట్టింది నువ్వు. నా నోటు బోడి అయింది నీవల్ల.

బొహుమిల్


ఒమాహా
మార్చి 30

ఒరే ఇస్త్రీ పెట్టెగా,

నవ్వి నవ్వి తుంటి పట్టేసింది. వైద్యం ఖర్చు నీ నూట పదిలోంచి పంపు.

కత్తెర నాది కాదురా, అమ్మది. బాతు ఈకలు కత్తిరించే కత్తెర. దానితో తిన్నగా కోసినవాళ్ళు మన ఇంట్లో ఎవరూ లేరు. నీకు గుర్తుందా, వాషింగ్టన్ నుంచి నోట్ల కట్ట వచ్చిన రోజు? సంతకాలు లేకుండా వచ్చేవి, తావులు తావులుగా. వంటింట్లో బల్ల ఖాళీ చేసి నాన్న ఒకవైపు, బ్యాంకు క్యాషియరు ఒకవైపు కూర్చునేవాళ్ళు. క్యాషియరు ఈగ వాలినట్టు చిటుక్కున సంతకం పెట్టేవాడు. నాన్న మాత్రం ప్రతిసారీ కలం ముంచి, ఊపిరి బిగబట్టి, కుబిచెక్‌లో మొదటి అక్షరం తోకని నాగలి మలుపు తిప్పినట్టు తిప్పి, అప్పుడు ఊపిరి వదిలేవాడు. "నాన్నా, త్వరగా!" అంటే, "ఈ కాగితం నన్ను చూడనివాడి దగ్గరికి పోతుందే. వాడికి నా మొహం ఇదే" అనేవాడు.

సిరా ఆరాలి కదా. మన మంచాలనిండా డబ్బు ఆరబెట్టేవాళ్ళు. పడుకోవడానికి చోటులేక నువ్వు కుర్చీలో నిద్రపోయేవాడివి, నోరు తెరుచుకుని. తరవాత అమ్మ కత్తెర. లిపా నోటు వంకర అంచు చూసి పక్క ఊళ్ళో కొట్లవాళ్ళు ఇట్టే గుర్తుపట్టేవాళ్ళు. నీ డాక్టరుకి ఆ సంగతి చెప్పు. వంకర లేకపోతేనే అది లిపాది కాదని చెప్పు.

మోకాలికి క్యాబేజీ ఆకు వెచ్చచేసి కట్టు. ఆకు మాత్రం ఇస్త్రీ చెయ్యకు.

లుద్మిలా


లిపా
ఏప్రిల్ 6

అక్కా,

ఆకు కట్టాను. ఆవు తినేసింది.

నీ ఉత్తరంలో అమ్మ ఉంది, కత్తెర ఉంది, నా తెరిచిన నోరు ఉంది. పది లేదు. ముందు ఉత్తరంలో ప్రార్థన పుస్తకం భద్రంగా ఉందన్నావు. పుస్తకం గురించి ఎవడడిగాడు? నేను చదువుకోలేదు గానీ, ఆవుల బేరగాళ్ళతో యాభై ఏళ్ళు నెగ్గుకొచ్చినవాణ్ణి. పళ్ళు చూపించమంటే తోక చూపించేవాడి గుర్రం ముసలిదని నాకు తెలుసు.

దాణా కొట్లో ఎమిల్ కలిశాడు. నూట పది సంగతి ఎవరు మోశారో, అప్పటికే వాడి చెవిన పడింది.

"ఏరా బొహుమిల్, మీ నాన్న ఇరవై నూట పదికి పెరిగిందటగా?"

"పెరిగింది. సున్నా అన్నావుగా, ఇప్పుడేమంటావు?"

"అనడానికేముంది. మీ ఇంట్లో ఉన్న నోటు పెరిగింది. మీ బ్యాంకులో పెట్టిన మా డబ్బే ఎందుకో పెరగలేదు."

కొట్లో అందరూ నవ్వారు. నేను దాణా మూట అక్కడే వదిలేసి వచ్చాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది, అది ఇంకా సిగ్గు.

కాబట్టి వాడు చెప్పింది నిజమే. ధర కాగితం వాడి ముక్కుకి అంటదు. ఆరొందలైనా అంటదు. అయినా నాకు పది కావాలి. ఆ జంట ధరేదో వింటే వాడి నోరైనా పడిపోతుందేమో.

ఒక్క మాటలో రాయి. పది ఎక్కడ?

బొహుమిల్


ఒమాహా
ఏప్రిల్ 13

బొహుష్,

ఒక్క మాటలో: కాళ్ళకి.

బూట్లు కొన్నానురా. నాన్న పోయిన ఏడాదే. నీకు చెప్పలేదు, చెప్పేదాన్నీ కాదు. నువ్వు ఆ అద్దం ముందు టోపీ తీసి నిలబడే రకం. ఇప్పుడు కూర్చుని చదువు. కూర్చున్నావా?

నేను లిపా వదిలి ఒమాహాలో బట్టలుతికే కంపెనీలో చేరిన కొత్త. ఊళ్ళో చివరిసారి కొట్టుకెళ్ళినప్పుడు కొట్టతను అమ్మతో ఏమన్నాడో నీకు తెలీదు, నువ్వు పొలంలో ఉన్నావు. "కుబిచెక్ ఇంటివాళ్ళ మాట మీద ఉప్పు కూడా ఇవ్వను" అన్నాడు. అమ్మ ఉప్పు అడగనే లేదు, సూదులు అడిగింది. ఆ మాట నా వెంట ఒమాహా దాకా వచ్చింది. ఉతికినా పోలేదు.

ఒక శనివారం జీతం చేతిలో పడింది. ఊరి నడిబొడ్డున అద్దాల తలుపుల పెద్ద షాపు. కిటికీలో బూట్లు. లోపలికెళ్ళాను. జీతం డబ్బు సంచిలో ఒకవైపు ఉంది, నాన్న పది ఇంకోవైపు ఉంది. నాకు తెలుసు ఏది తియ్యాలో. చెయ్యి రెండోవైపే పోయింది.

బల్ల వెనక పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయేమో. నోటు చూసింది. "లిపానా? ఎక్కడ?" అంది. "ఉంది" అన్నాను. ఆ పిల్ల దాన్ని మడిచి, ఇత్తడి గొట్టంలో పెట్టి, గోడలో ఉన్న పైపులోకి వదిలింది. ఆ రోజుల్లో అలాగే, గాలి లాక్కుని పైనున్న గల్లాపెట్టెకి తీసుకుపోయేది. 'సుయ్‌'మని పోయింది నాన్న సంతకం. నేను అక్కడ నిలబడ్డాను. పైన ఎవడో టోపీవాడు చూస్తాడు, లిపా బ్యాంకు మూతపడింది కదా అంటాడు, పోలీసుని పిలుస్తాడు అనుకున్నాను. బ్యాంకు మునిగినా దాని నోటు మునగదని, ప్రతి నోటు వెనకా వాషింగ్టన్‌లో నాన్నవాళ్ళు కట్టిన పూచీ ఉందని నాకు తెలుసు. బుర్రకి తెలుసు. కాళ్ళకి తెలీదు, తలుపువైపు తిరిగాయి.

గొట్టం తిరిగొచ్చింది. ఆ పిల్ల తెరిచి, చిల్లర నా చేతిలో పెట్టి, "థాంక్యూ మేడమ్" అంది.

అంతేరా. లిపా ఎక్కడుందో ఆ పిల్లకి తెలీదు, నాన్న ఎవరో తెలీదు. అయినా ఆయన సంతకం పుచ్చుకుని చిల్లర ఇచ్చింది. సొంతూళ్ళో ఉప్పుకి చెల్లని పేరు అక్కడ బూట్లకి చెల్లింది. బయటికొచ్చి పేవ్‌మెంటు మీద నిలబడి ఏడ్చాను. తరవాత ఆ బూట్లే వేసుకుని, ఇక్కడి మనవాళ్ళ హాల్లో పోల్కా డాన్సు ఆడాను. బొబ్బలెక్కేదాకా ఆడాను.

నీ ఇరవై అద్దం వెనక పడుకుంది. నా పది ఉద్యోగానికెళ్ళింది. నీ వెంట్రుకవాసి కూడా దానితోనే వెళ్ళింది కదా, ఏ ఊళ్ళు తిరిగిందో, ఎవరి జేబుల్లో పడుకుందో. నీ నోటులో లోకం చూసిన ముక్క అదొక్కటే.

తిట్టాలనుంటే తిట్టు. క్షమాపణ మాత్రం అడగను.

లుద్మిలా


ఒమాహా
మే 18

ఒరే,

నెల దాటింది. కోపమా, మోకాలా, లేక చచ్చావా? మూడోదైతే ఎవరిచేతైనా రాయించు.

అక్క


లిపా
మే 21
(కార్డు)

ఏ రంగు?

బొహుమిల్


ఒమాహా
మే 24
(కార్డు)

ఎరుపు. మడమ ఎత్తు. అమ్మ చూస్తే చంపేది.

లుద్మిలా


లిపా
జూన్ 23

అక్కా,

ఇది పెద్ద ఉత్తరం. నీ రోగం నాకంటుకుంది.

నీ తుంటి బస్సెక్కనివ్వలేదని నువ్వు రాలేదు. రావాల్సింది. బ్యాండు నలుగురు ముసలాళ్ళు, అయినా చెవులు దద్దరిల్లించారు. కొలాచీల్లో చక్కెర తక్కువే. ఆ పళ్ళ డాక్టరు పిలవకుండానే వచ్చాడు, లింకన్ నుంచి, టై కట్టుకుని. ఆ నోటు తలుచుకుంటే ముద్ద దిగడం లేదట. ఇస్త్రీ చేసిందైనా పర్వాలేదు, రెండొందలు ఇస్తానన్నాడు. తరవాత మాట్లాడదాం అన్నాను. నోటు అప్పటికే నా చొక్కా జేబులో ఉంది. అద్దం విప్పి తీశాను. ఈసారి తుడవలేదు.

బీరు బల్ల దగ్గర గల్లా మీద ఎమిల్ కూర్చున్నాడు. వాడి వెనక గోడే, ఆ మేకు వాడి నెత్తిమీదే ఉంది. జనం నిండుగా ఉన్నారు. వెళ్ళాను.

"హాల్లో ఉన్న అందరికీ తలో గ్లాసు పొయ్యి" అన్నాను.

"అందరికీనా? మోకాలి నెప్పి బుర్రకెక్కిందా?"

"పొయ్యరా."

"నువ్వు చిన్నప్పటినుంచీ ఎవరికీ చూయింగ్ గమ్ కూడా కొనిపెట్టలేదు."

"అందుకే ఇవాళ డబ్బుంది. పొయ్యి."

వాడి మనవలు పోశారు. అందరికీ అందింది. "పది డాలర్లయింది, బొహుమిల్. ఇంటికి పరిగెత్తుతావా, బాకీ రాసుకోనా?" అన్నాడు ఎమిల్. జనం నవ్వారు. నేను జేబులోంచి ఇరవై తీసి బల్లమీద పరిచాను. బీరు తడి లేని చోటు చూసి పరిచాను.

నవ్వు ఆగింది. ఎవడో బ్యాండువాళ్ళకి కూడా చెప్పాడు, అదీ ఆగింది. ఎమిల్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏంటిది?"

"డబ్బు. చదువుకున్నవాడివి, చదువు."

వాడు పైకే చదివాడు. "'ఇది తెచ్చినవారికి, అడిగిన వెంటనే, లిపా ఫస్ట్ నేషనల్ బ్యాంకు ఇరవై డాలర్లు ఇచ్చును.'" తరవాత మెల్లగా, నాకే వినపడేలా, "మా నాన్నా అడిగాడు, బొహుమిల్. కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. ఆయన పడిపోకుండా నేను చెయ్యి పట్టుకుని ఉన్నాను" అన్నాడు.

అక్కా, నలభై ఏళ్ళుగా వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబులు మూటలుగా ఉన్నాయి. కరువు అని, ధాన్యం ధర పడిందని, నాన్న పొలం అమ్మాడని. ఒక్క మూటా విప్పలేదు.

"నిజమే" అన్నాను. "ఆయన దాచుకున్నది పోయింది. దానికి నా దగ్గర మాట లేదు. ఇది మాత్రం పోలేదు. మా అక్క దీని జతని ఒమాహాలో ఖర్చుపెట్టింది, అక్కడ చెల్లింది. ఇక్కడ చెల్లుతుందో లేదో నువ్వు చెప్పు. చెల్లదంటే రేపు దూడనమ్మి నీ బీరు డబ్బు కడతాను, మళ్ళీ ఆ మేకు ఊసెత్తను."

అప్పుడే డాక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి పడ్డాడు. "అయ్యో ఆగండి! బీరుకా! దాన్ని బీరుకా ఇస్తారు! మూడొందలు! ఇదిగో, ఇప్పుడే!"

ఎమిల్ వాడివైపు చూడనైనా చూడలేదు. "డాక్టరుగారూ, వరసలో నిలబడండి. ఈయన ముందొచ్చాడు" అన్నాడు.

తరవాత నోటుని చేతిలోకి తీసుకున్నాడు. కుబిచెక్ తోక మీద బొటనవేలు పెట్టి చూశాడు. ఎంతసేపో నాకు తెలీదు. ఒక గ్లాసులో నురగంతా దిగిపోయింది, అది మాత్రం చూశాను. చివరికి గల్లాపెట్టె తెరిచాడు, ఇరవైలు పెట్టే అరలో దాన్ని పెట్టాడు. పెద్ద నోటు కదా, పట్టలేదు, మూల బయటికి వచ్చింది. మడవలేదు, అలాగే ఉంచాడు. ఒక పది తీసి, బల్లమీద కొట్టి, హాలు చివరిదాకా వినపడేలా అరిచాడు.

"ఇరవై ఇచ్చాడు, పది పోను పది! చిల్లర పట్టు, బొహుమిల్! ఏంట్రా బ్యాండు, చచ్చారా?"

నేను బయటికెళ్ళి గుర్రపుకొట్టం గోడకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు పేవ్‌మెంటు మీద ఏం చేశావో నేనూ అదే చేశాను. ఎవరితోనూ అనకు.

ఇంకా ఉంది. నిన్న ఆదివారం చర్చి అయ్యాక హాలు ముందునుంచి పోతుంటే తలుపు తీసుంది. లోపల ఎమిల్ మళ్ళీ నిచ్చెన మీదున్నాడు. మేకుకి కొత్త అద్దం ఫ్రేము. అందులో నాన్న ఇరవై. తన జేబులోంచి ఒక మామూలు ఇరవై గల్లాలో పడేసి దాన్ని తీశాడట. డాక్టరు ఫోన్ చేసి నాలుగొందలన్నాడట. "హాలు సొత్తు, అమ్మం" అని ఎమిల్ ఫోన్ పెట్టేశాడట.

"ఎమిల్, ఆ గోడెక్కితే గుమ్మం దిగుతానన్నావు" అన్నాను.

"పటం పెట్టనన్నాను. పెట్టానా? మీ నాన్న మొహం ఎక్కడైనా ఉందా? నా మాట మాటే" అన్నాడు.

నోటుమీది సంతకమే తన మొహమని నాన్న చెప్పింది వాడికి తెలీదు కదా. నేనూ చెప్పలేదు.

పై అంచు వంకర వల్ల నోటు అద్దంలో పక్కకి ఒరిగినట్టుంది. సర్దుదామని చెయ్యి చాపాను. "ముట్టుకోకురా! ఇస్త్రీ చేసింది చాలు" అని అరిచాడు.

ఈ కవరులో ఒక పది ఉంది. ఎమిల్ ఇచ్చిన చిల్లరే. మూడు పదుల్లో నీకొకటి, నాకు ఇరవై వచ్చిందని నువ్వు ఇన్నేళ్ళూ సణిగావు, నేను వినలేదనుకున్నావు. సగం ఊరు తాగింది, సగం నీకు. ఇది కొత్త నోటు, అంచులు తిన్నగా ఉన్నాయి, చూడ్డానికి బాగోదు. బూట్లు కొనుక్కో, నీ వయసుకి ఎత్తు మడమ వద్దు. ఎరుపు నీ ఇష్టం.

ప్రార్థన పుస్తకంలో పెట్టావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి గొడవ పెడతాను.

తమ్ముడు బొహుమిల్